తల్లి సున్నం

టేపు పట్టుకుని వీధిలోకి వచ్చినవాడెవడూ వీధికి మేలు చేసి వెళ్లిన దాఖలా లేదని మహబూబున్నీసా గట్టి నమ్మకం. ఒకడు కాలువ వేస్తానన్నాడు, తవ్వి పోయాడు. ఇంకొకడు వీధి దీపం అన్నాడు, స్తంభం పాతి బల్బు మరిచిపోయాడు. ఎనభై నాలుగో సంవత్సరం ఫిబ్రవరిలో నలుగురు టేపుతో వచ్చి, ఆవిడ ఇంటి ముందున్న సున్నపు గొయ్యిని అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలిచి, "దీన్నేమంటారమ్మా?" అని అడిగినప్పుడే ఆవిడకి ఒళ్లు మండింది. పేరే తెలియనివాడికి కొలతెందుకు?

విశాఖపట్నం పాత ఊళ్లో, సముద్రపు గాలి ముఖాన కొట్టే చోట ఉంది ఆ వీధి. మొత్తం ఇరవై ఏడు ఇళ్లు. సాయిబులవి పదకొండు, మిగతావి పల్లెల నుంచి వచ్చి పోర్టులోనూ ఫిషింగ్ హార్బర్లోనూ పనికి కుదిరినవాళ్లవి. ఎత్తరుగులు, మేడ మీద చెక్క కమ్ముల వరండాలు, మూరన్నర మందం గోడలు. ఆ గోడలన్నిటికీ సున్నం కాల్చి ఇచ్చింది మహబూబున్నీసా అత్తవారి కుటుంబమే. అందుకే ఊళ్లో ఆవిణ్ణి సున్నం బీబమ్మ అనేవారు. ఆవిడకి ఆ పేరు ఇష్టం.

టేపు మనుషుల వెనకాల వచ్చినవాడు గురునాథరావు. రిటైరైన ఇంజనీరు, వాల్తేరు అప్‌లాండ్స్‌లో మేడ. ఉద్యోగంలో ఉండగా ప్రభుత్వం ఆయన్ని మూడు నెలలు అమెరికా పంపింది. డ్యాములు చూసి రమ్మని పంపితే ఆయన ఒక చిన్న ఊరు చూసి మనసు పారేసుకుని వచ్చాడు. ఆ ఊళ్లో పాత ఇళ్లున్న వీధిని అలాగే కాపాడుకుంటారట. ఇంటింటికీ ఇత్తడి రేకు మీద ఎప్పుడు కట్టారో, ఎవరు కట్టారో రాసి ఉంటుందట. ఇంటివాడైనా సరే, కమిటీని అడక్కుండా తలుపు రంగు మార్చడానికి వీల్లేదట. మన ఊళ్లోనూ అలాంటి వీధి ఒకటి ఉండాలని ఆయన కోరిక. కోరిక మంచిదే. అది పట్టినవాడు పదిమందిని అడిగి ఉంటే ఈ కథే లేదు.

ఒక సాయంత్రం వీధి చివరి బడి వరండాలో తెల్లదుప్పటి కట్టి అందరికీ ఆ ఊరి ఫోటోలు వేసి చూపించాడు. చేతిలో మీట నొక్కితే దుప్పటి మీద ఇల్లు మారుతోంది.

"ఇదిగో, ఈ ఇల్లు చూడండి. నూటపది సంవత్సరాలు!" అన్నాడు, తానే కట్టినంత గర్వంగా.

ఎదురింటి చిలకమ్మ మహబూబున్నీసా డొక్కలో పొడిచింది. హార్బర్లో చేపలు ఎండబెట్టే మనిషి. నోటికి తాళం ఉండదు. "నూటపదికేనేటి బీబమ్మా ఇంత సంబరం? మా మావ తల్లి నూట రెండేళ్లు బతికినాది. ఒక్కడైనా ఫోటో తీసినాడా?"

నవ్వులు ఆగేసరికి దుప్పటి మీద ఇటుకల మేడ వచ్చింది. దానికి నిచ్చెన వేసుకుని ఒక ముసలాయన ఇటుకల సందుల్లో ఏదో కూరుతున్నాడు. నిచ్చెనకి బాల్చీ వేలాడుతోంది. మహబూబున్నీసా ముందుకి వంగింది. ఆ ముసలాయన మణికట్టు తిప్పిన తీరు చూస్తే ఆవిడకి తన భర్త కరీం బాషా చెయ్యి గుర్తొచ్చింది.

"బాబూ, ఆ బాల్చీలో ఏటుంది?"

"అది ముఖ్యం కాదమ్మా. పైన కిటికీ చూడండి, ఆ చెక్కడం చూడండి" అని ఆయన మీట నొక్కేశాడు.

ఆ నెలాఖరుకి కమిటీ ఏర్పడింది. ఒక డాక్టరు, ఇద్దరు లాయర్లు, ఒక హోటలు యజమాని, పైన గురునాథరావు. ఆ అయిదుగురిలో ఆ వీధిలో ఒక్క రాత్రి పడుకున్నవాడు లేడు. వీధికి 'చారిత్రక వీధి' అని పేరు పెట్టారు. ఇరవై ఏడు ఇళ్లకీ నంబర్లు వేసి జాబితా రాసి, అందులోని ఏ కట్టడాన్నీ కమిటీ అనుమతి లేకుండా ముట్టుకోరాదని కార్పొరేషన్ ముద్రతో అచ్చేసిన కాగితం ఇంటింటికీ పంచారు.

ఇక్కడ ఆ గొయ్యి సంగతి చెప్పాలి. కరీం బాషా ముత్తాత తవ్వించింది అది. మనిషి లోతు, రాతి అంచు. ఉప్పుటేట్లో గుల్లలు ఏరి తెచ్చి, బట్టీలో కాల్చి, నీళ్లు పోసి విరిచి, ఆ గోతిలో నానబెడతారు. పైన జానెడు నీళ్లు నిలిచి ఉన్నంతకాలం గాలి తగలదు, సున్నం గట్టిపడదు. ఏళ్లు గడిచేకొద్దీ వెన్నలా మెత్తబడుతుంది. ఎంత అవసరం వచ్చినా అడుగున మూరెడు మేర ఎవరూ తీయరు. దాన్ని తల్లి సున్నం అంటారు. పాలకి తోడు వేసినట్టు కొత్త సున్నం ఎప్పుడూ దాని మీదే పోస్తారు. మహబూబున్నీసా కాపురానికి వచ్చిన రోజున అత్తగారు తాళం చెవుల కంటే ముందు చూపించింది ఆ గొయ్యినే.

ఏటా వానలకి ముందు ఒక రోజు వీధంతా ఆ గోతి దగ్గర చేరి సున్నం తీసుకుని గోడలకి వేసుకుంటుంది. దానికో పద్ధతి ఉంది. గడిచిన ఏడాదిలో ఏ ఇంట మనిషి పోయాడో ఆ ఇంటికి మొదటి కుంచె. వేసేది ఆ ఇంటివాళ్లు కాదు, ఎదురింటివాళ్లు. హిందువుల ఇల్లా, సాయిబుల ఇల్లా అన్న లెక్క లేదు. ఆ తెలుపు పడ్డాకే ఆ ఇంటి దుఃఖం గడప దాటిందని అనుకునేవారు. కరీం బాషా అంతకుముందు దసరా రోజుల్లో పోయాడు. కాబట్టి ఆ వేసవిలో మొదటి కుంచె మహబూబున్నీసా గోడకి పడాలి, చిలకమ్మ చేత్తో పడాలి. ఆరు నెలలుగా మహబూబున్నీసా కళ్లు పగలంతా ఆ గోడ మీదే ఉన్నాయి.

ఏప్రిల్లో ఆ రోజు వచ్చింది. చిలకమ్మ తలస్నానం చేసి, చీర కుచ్చెళ్లు ఎగదోపి, కుంచె ముంచి నిచ్చెన రెండో మెట్టు ఎక్కింది. అప్పుడు ఊడిపడ్డాడు అర్జునరావు. కూర్మన్నపాలెం వైపు క్వార్టర్లు కడుతున్న కాంట్రాక్టరు. కమిటీ పని కూడా అతనికే దొరికింది.

"దిగమ్మా, దిగు! బయటి గోడకి రంగు వెయ్యకూడదు. కాయితం సూళ్లేదా?"

"రంగు కాదయ్యా, సున్నం!" అంది చిలకమ్మ.

"తెలుపు రంగు కాదేటి?"

"ఓరి బాబూ, ఇది మనిసి పోయినోరి ఇల్లు. మా వీధి పద్ధతి ఇది. నువ్వు పక్కకి తప్పుకో."

అర్జునరావు తప్పుకోలేదు. నిచ్చెన పట్టుకుని ఊపాడు. చిలకమ్మ దిగక తప్పలేదు. కుంచె నుంచి కారిన సున్నం అరుగు మీద పడి ఎండిపోయింది. మహబూబున్నీసా ఆ చుక్కల్ని తుడవలేదు. ఆ రోజు ఆవిడకి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అది తరవాత కూడా పోలేదు.

వీధికి అసలు రంగేమిటో తేల్చాలని కమిటీవాళ్లు గోడలు గీకించారు. తెలుపు కింద తెలుపు, దాని కింద మళ్లీ తెలుపు. నూరేళ్ల చావులూ పెళ్లిళ్లూ పండగలూ పొరలు పొరలుగా నేలపాలయ్యాయి. అట్టడుగున పసుపచ్చగా ఏదో కనిపించేసరికి గురునాథరావు ముఖం వెలిగింది. అమెరికాలో కూడా చాలా ఇళ్లు పసుపేనట! అది రంగు కాదు, ఇసుక కలిపిన మొదటి పూత. చర్మం ఒలిచి చూసి మనిషి రంగు ఎరుపని చెప్పినట్టయింది వాళ్ల పరిశోధన.

గోడలకి సిమెంటు పూత, దాని మీద పసుపు రంగు అని నిర్ణయించారు. బస్తా సిమెంటు పర్మిటు కోసం ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగే రోజులు. ఊరికే లారీడు సిమెంటు వస్తోందంటే వీధిలో కొందరు మురిసిపోయారు కూడా. మహబూబున్నీసా గురునాథరావుని గుమ్మంలో నిలేసింది.

"బాబూ, మాది ఉప్పుగాలి. గోడ చెమ్మ పీల్సుద్ది, మళ్లీ వొదిలేద్ది. సున్నమైతే దానికి దారిత్తాది. మీరు సిమెంటు మెత్తితే ఆ చెమ్మ ఎటెల్లుద్ది? లోపలే కుళ్లిపోద్ది."

"అమ్మా, నేను ముప్ఫై నాలుగేళ్లు ఇంజనీరుగా చేశాను" అన్నాడాయన నవ్వుతూ.

ఆ ముప్ఫై నాలుగేళ్లలో నీ చేత్తో ఎన్ని గోడలు మెత్తావని అడగవలసింది. ఆ మాట ఆవిడకి ఆయన వెళ్లిపోయాక తట్టింది. చెంప పగలగొట్టే మాటలు ఎప్పుడూ చెంప దాటిపోయాకే తడతాయి.

అంతటితో పోలేదు. గొయ్యి వీధి స్థలంలో ఉందని, చూడ్డానికి అసహ్యంగా ఉందని, దాన్ని 'ఆక్రమణ' కింద రాసుకున్నారు. గోడలేమో చరిత్ర. ఆ గోడలు పుట్టిన గొయ్యి ఆక్రమణ.

"పిల్లలు కావాల, తల్లి వొద్దా బాబూ?" అని అడిగింది మహబూబున్నీసా. "ఇది పూడిస్తే ఈ వీధికి మళ్లీ సున్నం ఎక్కడిది?"

"ఇక సున్నంతో పనేముందమ్మా?"

గొయ్యిని కంకరతో నింపమని కమిటీ కాగితంలో ఉంది. అర్జునరావు మనుషులకి అంత ఓపికా? రెండు కడప బండలు అడ్డంగా పరిచి, పైన ఇటుకల గట్టు కట్టి, సిమెంటు పూసి చేతులు దులుపుకున్నారు. మహబూబున్నీసా అరుగు మీద కూర్చుని అంతా చూసింది, ఎవరికీ చెప్పలేదు. మే నెలలో ఆ గట్టు మీద నిలువెత్తు పాలరాయి నిలబెట్టారు. ఒక పెద్దమనిషి వచ్చి తెర లాగాడు. జనం చప్పట్లు కొట్టి, పకోడీలు తిని వెళ్లిపోయారు. అందరూ వెళ్లాక ఆవిడ తన మూడో తరగతి చదువుతో బంగారు అక్షరాలు కూడబలుక్కుని చదివింది: 'పూర్వీకుల సున్నపు పనితనానికి సజీవ సాక్ష్యం ఈ వీధి.'

కింద కమిటీ అయిదుగురి పేర్లూ ఉన్నాయి. సున్నం కాల్చినవాడి పేరు గాని, మెత్తినవాడి పేరు గాని లేదు. ఆవిడ ఆ రాతి మీద ఉమ్మేద్దామనుకుంది. కింద తల్లి సున్నం ఉందని గుర్తొచ్చి మానేసింది.

సెప్టెంబరు ఆఖర్న అల్పపీడనం పట్టి అయిదు రోజులు విడవకుండా కురిసింది. మూడో రోజుకి పసుపు గోడలు చెమర్చాయి. అయిదో రోజుకి లోపలి వైపు పెచ్చులు లేచాయి. మహబూబున్నీసా ముందుగదిలో వీధి గోడ లోపలి పూతని కరీం బాషా పెళ్లయిన ఏడాది నున్నటి రాతితో ఇరవై రోజులు రుద్ది అద్దంలా చేశాడు. కొత్త పెళ్లికూతురు అందులో ముఖం చూసుకుని నవ్వింది. ఇప్పుడది ఉబ్బి, చేట వెడల్పు ముక్కలుగా మంచం మీద రాలుతోంది. ముక్కలు ఒళ్లో వేసుకుని మహబూబున్నీసా ఆ మధ్యాహ్నం వెక్కి వెక్కి ఏడ్చింది. భర్త పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. చిలకమ్మ గోడా అంతే, సముద్రం వైపున్న ఎనిమిది ఇళ్లూ అంతే.

ఆవిడ తమ్ముడు హుస్సేన్ బాషా సెలవు చూసుకుని వచ్చాడు. పుట్టుకతో సున్నం మేస్త్రి. సున్నం పని చచ్చిపోయి ఉక్కునగరం క్వార్టర్లలో సిమెంటు పూస్తున్నాడు. వేలి కణుపుతో గోడ మీద కొట్టి చెవి ఆనించాడు.

"ఆపా, ఇది డొల్లయిపోనాది. పెంకు ఊడదీసి, గోడని ఆరనిచ్చి సున్నం మెత్తాల. ఇంకో వానొస్తే గోడ కూకుండిపోద్ది."

"బజారు సున్నం తెస్తే?"

"ఆ పొడి వెల్లకి పనికొస్తాది గాని గోడని పట్టదు. నానిన సున్నం కావాల. ఇప్పుడు నానబెడితే వొచ్చే ఏడుకి." అతను కిటికీలోంచి పాలరాయి వైపు చూశాడు. "మన దాని మీద రాయెట్టేసినారు కదా."

ఇద్దరూ గురునాథరావు ఇంటికి వెళ్లారు. ఆయన మంచివాడే, వెంటనే బయల్దేరి వచ్చాడు. గోడ మీద చెయ్యి వేసి, తడి చేతిని ప్యాంటుకి తుడుచుకున్నాడు. ముఖం పాలిపోయింది. ఇక ఒప్పుకున్నట్టేనని మహబూబున్నీసా లోపల దేవుడికి దణ్ణం పెట్టుకుంది. ఆయన సంచీలోంచి ఫైలు తీశాడు.

"సున్నం మెత్తడానికి నా వరకు అభ్యంతరం లేదమ్మా. కానీ ఆ వేదిక తియ్యకూడదు. జాబితాలో ఇరవై ఎనిమిదో నంబరు. రక్షిత కట్టడం."

"ఏది? ఆ రాయా?"

"అవును. వచ్చే నెల మీటింగులో పెడతాను."

"మే నెల్లో పుట్టినాదండీ అది! నా గొయ్యికి నూటయాభయ్యేళ్లు. అది ఆక్రమణా, ఇది సరిత్రా?" ఆవిడ గొంతు వీధి చివరిదాకా వినిపించింది. "గోడ మీ మీటింగు దాకా ఆగుద్దేటి బాబూ? కమిటీ వొచ్చేదాకా కూలొద్దని నాను దానికి సెప్పాలా?"

ఆయన తల వంచుకుని ఫైలు మూసుకున్నాడు. నియమం తాను రాసిందే. దాన్ని దాటడానికి ఆయనకి దారి కనబడలేదు. వాన మళ్లీ మొదలవుతుందేమోనని గొడుగు తెరుచుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు ఎండ కాసింది. పొద్దున పది గంటలకి, వీధిలో అందరూ చూస్తుండగా, మహబూబున్నీసా గునపం పట్టుకుని గడప దిగింది. రాత్రి చీకట్లో చేసేద్దామని హుస్సేన్ అంటే ఆవిడ ఒప్పుకోలేదు. "దొంగతనమేటి? మాది మేం తీసుకుంటన్నాం. ఎండలోనే తీత్తాం" అంది. బిస్మిల్లా అని గట్టు మీద మొదటి దెబ్బ వేసింది. యాభై ఆరేళ్ల మనిషి. నాలుగు దెబ్బలకే ఆయాసం వచ్చింది. గునపం చిలకమ్మ అందుకుంది. ఆమె చేతిలోంచి పక్కింటి ఆడవాళ్లు అందుకున్నారు. పాలరాయిని పగలగొట్టొద్దని, పడుకోబెట్టమని మహబూబున్నీసా చెప్పింది. ఇటుకలు వచ్చాయి. కడప బండలు జరిగాయి.

లోపల నీళ్లు. జానెడు ఎత్తున, నిశ్చలంగా, ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. అర్జునరావు బద్ధకం పుణ్యమా అని ఒక్క రాయి కూడా పడలేదు. ఆవిడ అంచున బోర్లా పడుకుని చెయ్యి చాచింది. మోచేతిదాకా దిగింది. మెత్తగా, చల్లగా తగిలింది. పైకి తీస్తే చేతినిండా తెలుపు.

"ఉంది! సిలకమ్మా, ఉందే!" అని చిన్నపిల్లలా అరిచింది.

మిగతా పనంతా హుస్సేన్‌ది. సెలవు పొడిగించుకున్నాడు. ఎనిమిది ఇళ్ల సిమెంటు పెంకులూ ఊడదీసి, గోడల్ని రెండు వారాలు ఆరనిచ్చాడు. దేవుడి దయవల్ల ఆ రెండు వారాలూ చినుకు పడలేదు. కరక్కాయ నీళ్లూ బెల్లం నీళ్లూ కలిపి సున్నం నూరాడు. ఉక్కునగరంలో సిమెంటు పూసిన చెయ్యి రెండు రోజుల్లోనే పాత వాటం పట్టుకుంది. గోతిలో అడుగు మూరెడూ ముట్టుకోలేదు. గోతికి మూత కావాలి కదా. పాలరాయిని అక్షరాలు కిందికి ఉండేలా తిరగేసి మూతేశారు. వీపు వైపు నున్నగా ఉంది, బాల్చీలు పెట్టుకోవడానికి బాగుంది.

మెత్తిన గోడ ఆరింది. చిలకమ్మ మళ్లీ తలస్నానం చేసి, మళ్లీ నిచ్చెన ఎక్కింది. వీధంతా అరుగుల మీద నిలబడింది. ఆరునెలలు ఆలస్యంగా కరీం బాషా ఇంటి మీద మొదటి కుంచె పడింది. అప్పుడే గురునాథరావు వచ్చాడు, చేతిలో టైపు చేసిన నోటీసు. పక్కన అర్జునరావు.

"చారిత్రక కట్టడాన్ని ధ్వంసం చేశారని కమిటీ నోటీసు పంపిందమ్మా" అన్నాడు. గొంతులో పాత బలం లేదు. "తీసుకున్నట్టు సంతకం చెయ్యాలి."

మహబూబున్నీసా కాగితం వైపు చూడలేదు. నిచ్చెనకి వేలాడుతున్న బాల్చీ వైపు వేలు చూపించింది.

"బాబూ, అమెరికా ఫోటోలో నిచ్చెన మీద ముసిలాయన ఉన్నాడు కదా. ఆ బాల్చీలో ఏటుంది?"

గురునాథరావు బాల్చీ వైపు చూశాడు. నిచ్చెన వైపు చూశాడు. ఈసారి నొక్కి తప్పించుకోవడానికి చేతిలో మీట లేదు.

"సెప్పండి బాబూ. మీరు తీసిన ఫోటోయే కదా."

"సున్నం" అన్నాడాయన, తనకి మాత్రమే వినిపించేటంత మెల్లగా.

"సంతకం, సంతకం" అని తొందరపెట్టాడు అర్జునరావు.

మహబూబున్నీసా చెయ్యి చాచి నోటీసు అందుకుంది. పొద్దుట్నుంచి సున్నం కలుపుతున్న చెయ్యి. కడుక్కోలేదు, కడుక్కోవాలనీ అనుకోలేదు. అయిదు వేళ్లూ అరచెయ్యీ కాగితం నిండా ఆనించి, గోడకి మెత్తినట్టు ఒక్కసారి అదిమి, తిరిగి ఆయన చేతిలో పెట్టింది. కాగితం మీద ఒక్క అక్షరం కూడా కనబడలేదు.